కార్తెల చుక్కలను కన్నులార చూడుడు

రైతు సోదరులకు కార్తెల పేర్లు ఒకరు చెప్పనక్కరలేదు. రోహిణి యెండలు, మృగశిర తొలకరి, ఆరుద్ర వానలు మనకు నిత్యవ్యవహారములు. అయినను ఆకాశమును చూపి, ఆ రోహిణి యేది, ఆ మృగశిర యేది అని యడిగినచో చెప్పగలవారు నేడు గ్రామములలో మిక్కిలి అరుదు.

దీనికి కారణము లేకపోలేదు. సూర్యుడు ఏ నక్షత్రముతో కూడియుండునో ఆ కార్తె జరుగును. కావున మృగశిర కార్తెలో ఆ నక్షత్రము సూర్యునితోపాటు పగలే ఉదయించి పగలే అస్తమించును, మనకు కనబడదు. ఆరు మాసములు గడచిన పిమ్మట అదియే రాత్రియంతయు వెలుగును. వానకార్తెల చుక్కలను చూచుటకు చలికాలమే అదను.

సంక్రాంతి దినములలో రాత్రి ఎనిమిది గంటలకు కళ్లమున నిలిచి తలయెత్తుడు. నడినెత్తిన చిన్న గుత్తివలె నుండునది కృత్తిక. మన పెద్దలు దీనిని పిల్లలకోడి యందురు. దానికి తూర్పున కెంపువన్నెతో నుండునది రోహిణి. ఇంకను తూర్పునకు దిగినచో మూడు చుక్కలు ఒకే వరుసను కనబడును. ఇదియే గొల్లకావడి. తూర్పుముఖముగా నిలిచినవారికి కావడికి ఎడమను చిన్న చుక్కల ముక్కోణము మృగశిర. దానికి దిగువ ఎర్రని పెద్దచుక్క ఆరుద్ర. 2019 చివర మొదలుకొని 2020 ఫిబ్రవరి వరకు ఈ ఆరుద్ర కంటికి తెలియునంతగా మసకబారి మరల వెలిగినది. ఈశాన్యపు వైపున జంటగా నుండునవి పునర్వసు. కావడి వరుసను ఆగ్నేయమునకు పొడిగించినచో మృగవ్యాధుడు. నక్షత్రములలో దీనిని మించి వెలుగునది రాత్రివేళ వేరొకటి లేదు. దాని వెలుగు మనలను చేరుటకు ఎనిమిదిన్నర యేండ్లు పట్టును.

ఇక అంతర్వేదివారి భాగ్యము వేరు. లోపలి గ్రామములలో కొబ్బరితోటలు దక్షిణదిక్కును మూసివేయును. వసిష్ఠ గోదావరి సాగరమున కలియు ఈ తీరమున దక్షిణమంతయు బయలే. సంక్రాంతినాళ్లలో రాత్రి పదునొకండు గంటలకు సముద్రము వైపు చేయి చాచి పిడికిలి పట్టుడు. నీటిపై రెండు పిడికిళ్ల యెత్తున అగస్త్యుడు వెలుగుచుండును. లండనువారికి ఈ నక్షత్రము ఎన్నడును కనబడదు. ఉత్తరమునకు తిరిగినచో ధ్రువుడు పిడికిలిన్నర యెత్తున నుండును.

మాఘ శుద్ధ ఏకాదశి తీర్థమునకు వచ్చువారికి మరియొక గురుతు. ఆ రాత్రి చంద్రుడు సాధారణముగా మృగశిర, ఆరుద్రల చేరువనే యుండును. అయితే వెన్నెలలో చిన్న చుక్కలు అణగిపోవును. పరిశీలనకు అమావాస్య దినములు మేలు.

ఇది పండితులకే తగిన పని యని వెనుదీయవలదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంతముగా నక్షత్రశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని సాగించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. మనకు అంత సాధనసంపత్తి అక్కరలేదు. సంఘ సభ్యులు పదిమంది కూడి ఒక జంటగొట్టముల దుర్భిణి కొన్నచో చాలును. కంటికి ఆరుగా తోచు కృత్తిక చుక్కలు అందులో పదులకొలది యగును.

ఒక్కటి మాత్రము మనవి. చెరువుగట్ల దీపములు, వాకిటి దీపములు ఏటేట పెరిగి చుక్కలను మింగివేయుచున్నవి. వారమునకొక రాత్రి అరగంటసేపు వాకిటి దీపమార్పి, బిడ్డలను వెలుపలికి పిలిచి, రోహిణిని చూపుడు. పేరు మనము నిలిపితిమి. చుక్కను కూడ వారికి అప్పగింపవలెను గదా.