మిగిలిన కేకుకు చాక్లెట్ తొడుగు

డెన్మార్క్ బేకరీల్లో అందమైన పేస్ట్రీల పక్కనే నల్లటి ఉండలు కొన్ని కనిపిస్తాయి. వాటిని రోంకుగ్లర్ అంటారు. పైన చాక్లెట్ తునకలో కొబ్బరి పొడో అద్ది ఉంటుంది. లోపల ఏముందని అడిగితే అక్కడివాళ్లు దాచకుండా చెప్పేస్తారు: నిన్న అమ్ముడుపోని కేకులు, చదరంగా కోసినప్పుడు మిగిలిన అంచులు, ఆకారం చెడిన పేస్ట్రీలు. అన్నిటినీ చిదిమి, కోకో పొడి, జామ్, కాస్త రమ్ము వాసన కలిపి ఉండ చుడతారు. జర్మనీ బేకరీలూ ఇదే పని చేస్తాయి. మన దేశంలో ఈ రుచికి పాత చిరునామా కోల్‌కతా. 1902లో ఒక బాగ్దాదీ యూదు కుటుంబం మొదలుపెట్టిన న్యూమార్కెట్ నహూమ్స్, 1927 నాటి పార్క్ స్ట్రీట్ ఫ్లూరీస్, రెండూ రమ్ బాల్స్‌కు పేరు పడ్డవే.

ఈ పొదుపు వంటకం వేడుక వంటకంగా మారింది మాత్రం అమెరికాలో. 2008లో జార్జియా రాష్ట్రానికి చెందిన ఆంజీ డడ్లీ కేకు ఉండకు పుల్ల గుచ్చి, చాక్లెట్‌లో ముంచి, కళ్లూ ముక్కూ పెట్టి బొమ్మల్లా తయారుచేసింది. 2010లో ఆమె పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాదికి స్టార్‌బక్స్ గాజు అల్మారాల్లోకి కేక్ పాప్స్ పేరుతో ఈ పుల్ల ఉండలు చేరాయి. అక్కడి ఇళ్లలో చాలామంది పాటించే పద్ధతి తేలిక: ప్యాకెట్ పొడితో కేకు చేసి, డబ్బా ఫ్రాస్టింగ్ దాదాపు అంతా కుమ్మరించి కలిపేయడమే. మన నాలుకకు అది మరీ తీపి. పైగా లోపలిది కేకులా ఉండదు, పచ్చి పిండి ముద్దలా నోటికి చుట్టుకుంటుంది. ఆ కొలతలు చూసి చేసేవాళ్లు ఫ్రాస్టింగ్‌ను సగానికి సగం తగ్గించుకోవడం మంచిది.

తెలుగు ఊళ్లలో ఈ ఉండలు చుట్టడానికి సరైన ముహూర్తం జనవరి ఒకటి. డిసెంబరు 31 సాయంత్రం బేకరీల ముందు షామియానాలు లేస్తాయి, బల్లల నిండా కేకు డబ్బాలు పేరుస్తారు. అర్ధరాత్రి కోసిన కిలో కేకులో కొంత నోళ్లలోకి, కొంత మొహాల మీదికి పోగా మిగతాది ఫ్రిజ్‌లో చేరుతుంది. రెండో రోజుకల్లా అది ఎండిపోతుంది, పిల్లలు కూడా కన్నెత్తి చూడరు. క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో ఈ పరిస్థితి వారం ముందే వస్తుంది. అరిసెలు, కజ్జికాయలు, జంతికల డబ్బాలు ఖాళీ అవుతుంటే, నలుగురు తెచ్చిచ్చిన నాలుగు ప్లమ్ కేకులు మాత్రం అలాగే కూర్చుంటాయి.

అలాంటి కేకే ఈ పనికి కావాలి. అప్పుడే దించిన మెత్తటి కేకు కన్నా ఒక రోజు ఆరినదే బాగా పొడి అవుతుంది. ఏ కేకూ మిగలకపోతే కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి, విజిలూ గ్యాస్కెట్టూ తీసేసి చేసుకునే మామూలు గుడ్డు లేని కేకు చాలు. పొంగకపోయినా, మధ్యలో కుంగినా దిగులు అక్కర్లేదు, ఎలాగూ చిదిమేదే.

క్రీము కేకైతే ముందు పై క్రీమును చెంచాతో గీకి పక్కన పెట్టాలి. కేకును చేత్తోనే నలపాలి. మిక్సీలో వేసి ఒక్క తిప్పుకే ఆపకపోతే ముద్ద కడుతుంది. గట్టిపడ్డ అంచులు, మాడిన అడుగు తీసేయాలి, లేకపోతే పంటికి తగులుతాయి. అరకిలో పొడికి 100 నుంచి 120 గ్రాముల తడి పదార్థం సరిపోతుంది. గీకిన క్రీమే వాడొచ్చు. మిల్క్‌మెయిడ్ పోయొచ్చు, అప్పుడు తీపి పెరుగుతుందని ముందే అనుకోవాలి. అన్నిటికన్నా రుచి గనాష్‌ది: 80 గ్రాముల డార్క్ చాక్లెట్ తురుము మీద 40 మిల్లీలీటర్ల వేడి ఫ్రెష్ క్రీము పోసి కలిపితే అదే గనాష్. ప్లమ్ కేకులో ఎండుపండ్ల తేమ ముందే ఉంటుంది గనుక దానికి రెండు చెంచాల నారింజ రసం చాలు. రమ్ము పోసుకునేవాళ్లు ఎటూ అడిగి పోయరు.

తడి మొత్తం ఒక్కసారిగా వేయకూడదు. ముందు సగం కలిపి చూడాలి. లడ్డూ చుట్టిన చేతికి ఇక్కడ కొత్తగా నేర్పాల్సింది లేదు. గుప్పిట్లో పట్టి నొక్కితే నిలబడాలి, వేళ్లకు అంటుకోకూడదు. ఉండను రెండుగా విరిస్తే లోపల కేకు పొడి ఇంకా పొడిగానే కనిపించాలి. నిగనిగలాడుతూ సాగిందంటే తడి మించినట్టే. అప్పుడు ఇంకాస్త కేకు పొడి, అదీ లేకపోతే నాలుగు మారీ బిస్కెట్ల పొడి కలిపితే సర్దుకుంటుంది. ఒక్కొక్కటి పెద్ద ఉసిరికాయంత, తూస్తే 25 గ్రాములు ఉండేలా చుడితే పాతిక దాకా వస్తాయి.

ఇక్కడిదాకా తప్పు చేయడం కష్టం. అసలు పేచీ చాక్లెట్ దగ్గర మొదలవుతుంది, అదంతా వేడి పెట్టే పేచీయే.

చాక్లెట్‌లోని కోకో బటర్ గట్టిపడేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా ఏర్పడగలదు. వాటిలో అయిదో రకమే మనకు కావాలి. మెరుపూ, విరిచినప్పుడు వచ్చే టక్‌మనే చప్పుడూ దానివల్లే. అది కరిగేది దాదాపు 34 డిగ్రీల దగ్గర. అందుకే చేతిలో కాసేపు నిలిచి, నోట్లో కరుగుతుంది. ఆ రకమే రావాలంటే డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 28 దాకా చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి. టెంపరింగ్ అంటే ఇదే. థర్మామీటర్ లేకుండా దీన్ని నమ్మకంగా చేయడం కష్టం. నేరుగా కరిగించి ముంచేస్తే తొడుగు జిడ్డుగా మెత్తబడి, ఒకటి రెండు రోజుల్లో పైన బూడిద రంగు చారలు తేలుతాయి. అది బూజు కాదు, పైకి వచ్చిన కొవ్వు. తినొచ్చు గానీ ఎవరికైనా ఇవ్వాలంటే మొహం చెల్లదు.

ఈ తంటా లేకుండా చేసేది కాంపౌండ్. కేకు సామాన్ల షాపుల్లో పలకలుగా దొరికే మోర్డే లాంటివి ఈ రకమే. ఇందులో కోకో బటర్ బదులు పామ్ కెర్నెల్ వంటి నూనెల నుంచి తీసిన కొవ్వు ఉంటుంది. కరిగించి ముంచితే చాలు, దానంతటదే గట్టిపడుతుంది. ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో కోకో బటర్ ఉందో, వెజిటబుల్ ఫ్యాట్ ఉందో చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. చాక్లెట్ ప్రియులకు కాంపౌండంటే చిన్నచూపు. నోట్లో మైనంలా మిగులుతుందన్న వాళ్ల మాట అబద్ధమూ కాదు. కానీ లోపల గనాష్ కలిపిన కేకు ఉన్నప్పుడు, పల్చటి పై పొరకు అది సరిపోతుంది. 2024లో కోకో గింజలు ప్రపంచ మార్కెట్‌లో టన్ను 10,000 డాలర్లు దాటాయి, ఇంట్లో పిల్లల కోసం చేసే పాతిక ఉండలకు అసలు చాక్లెట్టే వాడాలన్న పట్టుదల అనవసరం. రుచి పెంచుదామని కాంపౌండ్‌లో మామూలు చాక్లెట్ బార్ విరిచి కలపడం మాత్రం తప్పు. ఆ రెండు కొవ్వులకూ పడదు, తొడుగు ఎప్పటికీ సరిగా బిగుసుకోదు.

పాతిక ఉండలకు అంటేది 300 గ్రాములే అయినా, మునగడానికి లోతు కావాలి గనుక 400 గ్రాములు కరిగించాలి. గిన్నెలో రెండంగుళాల నీళ్లు మరిగించి, స్టవ్ కట్టేసి, పైన ఇంకో గిన్నె పెట్టి ఆ ఆవిరికే కరగనివ్వాలి. మైక్రోవేవ్ అయితే సగం పవర్‌లో 30 సెకన్ల చొప్పున, మధ్యమధ్య కలుపుతూ. చెమ్మ తగలకూడదు. తడి చెంచా పెట్టినా, ఆవిరి చుక్క పడినా చాక్లెట్‌లోని చక్కెర, కోకో రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఇసుక ముద్దలా బిగుస్తాయి. చిక్కగా ఉందని పాలు పోసేవాళ్లకు జరిగేదీ అదే. పల్చబరచాలంటే ఒకటి రెండు చెంచాల కొబ్బరినూనె, వాసన లేనిది, కలపాలి.

ఇక ముంచడం. ఫ్రిజ్‌లో చల్లబరిచిన ఉండను ఫోర్కు మీద పెట్టి చాక్లెట్‌లోకి దించి, పైన చెంచాతో ఒకసారి పోసి, తిప్పకుండా పైకి లేపాలి. ఫోర్కు పట్టిన చేతి మణికట్టును గిన్నె అంచున తట్టితే పొర సన్నబడుతూ కిందికి జారుతుంది, ఉండ మీద గీతలు మాయమవుతాయి. ఫోర్కు అడుగును అంచుకు ఒకసారి రాస్తే వేలాడే తోక తెగుతుంది. అప్పుడు బటర్ పేపర్ మీదికి జార్చాలి. తట్టడం మానేస్తే ఉండ చుట్టూ చాక్లెట్ మడుగు కడుతుంది. పిస్తా తునకలు, పలాస జీడిపప్పు పలుకులు, స్ప్రింకిల్స్ ఏవైనా వెంటనే చల్లాలి. చల్లటి ఉండ మీద పొర నిమిషంలోపే బిగుస్తుంది, ఆ తర్వాత ఏదీ అంటదు. పుల్లలు గుచ్చేవాళ్లు ముందు పుల్ల కొసను చాక్లెట్‌లో ముంచి గుచ్చి, అది బిగిశాకే ఉండను ముంచాలి. ఆరబెట్టడానికి థర్మాకోల్ ముక్క ఉంటే చాలు.

ఎక్కువమందిని ఏడిపించేది పగుళ్లు. ఫ్రీజర్‌లో గంటల తరబడి ఉంచిన ఉండను వేడి చాక్లెట్‌లో ముంచితే బయటి పొర బిగుస్తూ ముడుచుకుంటుంది, లోపలి కేకు గది వేడికి వ్యాకోచిస్తుంది. గంటలోపే నిలువునా చీలుతుంది. కొందరు చాక్లెట్‌ను నిందిస్తారు, కొందరు చేతి వాటాన్ని. రెండూ కాదు. చుట్టిన ఉండలను ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, తీశాక ఓ అయిదు నిమిషాలు బయట పెట్టి, గోరువెచ్చటి చాక్లెట్‌లో ముంచితే చాలు. అడుగున పిన్నంత రంధ్రం మిగిలినా మర్నాటికి అక్కడ నూనె చుక్కలు కారతాయి, దాన్ని బ్రష్‌తో పూసి మూసేయాలి.

అసలు చాక్లెట్‌తోనే చేయాలనుకునేవాళ్లకు సరుకు దూరం నుంచి రానక్కర్లేదు. కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందుంది. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో కొబ్బరి తోటల నీడన అంతర పంటగా పెరిగే ఈ కాయల గింజలను పులియబెట్టి, ఎండబెట్టి చాక్లెట్‌గా మలుస్తున్న సంస్థలు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. 2023లో బంజారాహిల్స్‌లో తెరిచిన మనం చాక్లెట్ అలాంటిదే.

డిసెంబరు, జనవరి నెలల్లో ఈ వంటకం ఎవరి మాటైనా వింటుంది. మే నెల సెలవుల్లో విజయవాడలో గది వేడే 34 డిగ్రీలు దాటుతుంది గనుక అసలు చాక్లెట్ తొడిగిన ఉండ బల్ల మీద నిలవదు, కాంపౌండ్ కొంత నయం. క్రీము, గనాష్ కలిపినవాటిని ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగైదు రోజుల్లో తినేయాలి. తీసేటప్పుడు మూత తెరవకుండా డబ్బాను పావుగంట బయట పెడితే చెమర్చేది డబ్బాయే, చాక్లెట్ కాదు. హాస్టల్ పిల్లలకు బస్సులో పంపాలంటే క్రీము జోలికి పోకుండా జామ్‌తో చుట్టి, కాగితపు కప్పుల్లో ఒకటే వరసగా సర్దాలి. పైన రెండో వరస పెడితే ఊరు దాటేలోపే కింది వరస తొడుగు చిట్లుతుంది.