టక్కరి చెవి, చవక హెడ్‌ఫోన్

మీ దగ్గర ఐదువందల రూపాయలున్నాయి. దుకాణంలో రెండు హెడ్‌ఫోన్లు ముందుపెట్టి, ఒకే పాటను రెండింటిలోనూ వినిపించారు. మొదటిది చప్పగా ఉంది. రెండోదానిలో డోలు గుండెల్లో మోగింది, తాళాలు గణగణలాడాయి. మీరు రెండోదే కొంటారు. నేనైనా అంతే! తీరా ఇంట్లో అరగంట వినేసరికి తల బరువెక్కుతుంది; గాయని పలికే మాటలు డోలు చాటున దాక్కుంటాయి. మోసం చేసింది దుకాణదారు కాదు, మీ చెవే.

మనిషి చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు అన్ని కంపనాలు గల ధ్వనులు, వినిపిస్తాయి. కాని అన్నీ ఒకే తీరుగా వినిపించవు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు ఫ్లెచర్, మన్సన్ ఈ తేడాలను కొలిచి ప్రకటించారు. ధ్వనిని తగ్గిస్తున్నకొద్దీ మంద్రస్వరాలు తక్కిన వాటికంటే ముందే చెవికి అందకుండా పోతాయి. పెంచితే తిరిగి నిండుగా వినవస్తాయి. అందుచేత ఒకే పాట కాస్త బిగ్గరగా మోగితే చాలు, నాణ్యమే పెరిగినట్లు తోస్తుంది. దుకాణంలో మిమ్మల్ని బుట్టలో వేసింది ఇదే కావచ్చు.

కాబట్టి పోల్చేముందు రెండింటి ధ్వనినీ సమం చేయండి. పాటలో గొంతు ఒక్కటే వినవచ్చే చోట రెండూ ఒకే మోతాదులో ఉన్నాయనిపించేదాకా ఫోనులో సవరించండి. చెవిలో దూర్చుకొనే రకమైతే రబ్బరు బిరడా బిగుతుగా పట్టిందో లేదో చూడండి. సందు ఉంటే మంద్రస్వరాలు అందులోంచి జారిపోతాయి. "దీనిలో బాస్ లేదు" అని తిట్లు తినే చాలా హెడ్‌ఫోన్ల నేరం బిరడా కొలతదేనని నా అనుమానం!

ఇప్పుడు మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి పెట్టండి. మృదంగం ఎడమవైపు గుమ్మని, కుడివైపు టంగుమని మోగాలి. రెండూ కలిసిపోయి ముద్దగా వినిపిస్తే మంద్రస్వరాలు మితిమీరాయన్నమాట. గాయని స, శ, ష పలికినప్పుడల్లా పాము బుసకొట్టినట్లుంటే 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ ప్రాంతం ఎక్కువైంది. ఈ పరీక్షలో ఖరీదైనదే నెగ్గుతుందని అనుకోకండి. 2017లో బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 రకాల హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూశాడు. ఏ స్వరాన్ని ఎంత మోతాదులో వినిపిస్తుందన్న దానికీ, ధరకూ సంబంధం కనబడలేదు.

కనబడిన లోపాన్ని కొంతవరకు ఈక్వలైజర్‌తో దిద్దుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్ అని ఐదు మీటలుంటాయి. వాటిని చూడగానే అన్నిటినీ పైకి నెట్టాలనిపిస్తుంది. ఆగండి! ఒక మీటను 6 డెసిబెల్‌లు పెంచితే ఆ ప్రాంతపు ధ్వనిశక్తి దాదాపు నాలుగు రెట్లవుతుంది. అంకెల రూపంలో ఉన్న ధ్వనికి ఒక గరిష్ఠ హద్దు ఉంది. నిండు కుండలో ఇంకా నీళ్లు పోస్తే పొర్లిపోయినట్లు, హద్దు దాటిన తరంగ శిఖరాలు తెగిపోయి గరగర పుడుతుంది. డోలు ఇంకా కావాలంటే 60ని కదపకండి. మిగతా నాలుగింటినీ 3 డెసిబెల్‌లు దింపండి. 3,600 మీట దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న మన చెవి గొట్టం, పిల్లనగ్రోవిలాగా, 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని తనంతట తానే పెంచుతుంది. అక్కడ కొంచెం ఎక్కువైనా చెవిలో సూది గుచ్చినట్లుంటుంది.

ఈ పని బస్సులో చేయకండి. ఇంజను రొద మంద్రస్వరాలను కప్పేస్తుంది. మీరు వాటిని పెంచి, ఆపైన మొత్తం ధ్వనినీ పెంచుతారు. పిల్లలు వారానికి 40 గంటలు వినేటట్లయితే 75 డెసిబెల్‌లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే కణాలు పుట్టుకతో సుమారు 15,000 ఉంటాయి. చచ్చినవాటి స్థానంలో కొత్తవి పుట్టవు.

మీటలు దింపిన మొదటిరోజు పాట వెలవెలబోయినట్లుంటుంది. మూడు రోజులు అలాగే వినండి. నాలుగో రోజున, ధ్వని సమంగా ఉంచి, పాత అమరికకు ఒక్కసారి మార్చి చూడండి: ఇన్నాళ్లూ ఆ డోలునా మెచ్చుకున్నది!