ఆన్‌లైన్ కోర్సుకి ప్లాట్‌ఫారం ఎట్లా ఎంచుకోవాలి? కౌలు పొలం చూసుకున్నట్టే చూసుకోండి



పై వీడియోలో ఫోన్ స్క్రీన్ మీద ఒక్కొక్క ప్లాట్‌ఫారం తెరిచి చూపించాను. వీడియో చూసే తీరిక లేనివాళ్ల కోసం, లెక్క కాగితం మీద వేసుకుని చూసుకునేవాళ్ల కోసం అదే విషయం ఇక్కడ వివరంగా రాస్తున్నా. వీడియోలో మధ్య మధ్య విమానం మోత వస్తే ఏమనుకోవద్దు. మా పొలం శంషాబాద్ దగ్గర. విమానం పోయేదాకా ఆగి మళ్లీ చెప్పడం మాకు అలవాటే.

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న మాట ఇది: "తమ్మీ, పొలం చూడనీకి వారం వారం జనం వస్తున్నరు. చెప్పిందే చెప్పి నోరు నొస్తున్నది. దీన్నే కోర్సు చేసి అమ్మితే ఎట్లుంటది? యాడ పెట్టాలె?"

అడగడంలో న్యాయం ఉంది. 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచి మా చుట్టుపక్కల పొలాలు వెంచర్లు అయ్యాయి, ఫాంహౌసులు అయ్యాయి. ఆదివారం వస్తే సిటీ నుంచి ఉద్యోగాలు చేసేవాళ్లు వస్తారు. షాద్‌నగర్, పాలమూరు వైపు నుంచి నిజంగా సేద్యం చేసే రైతులు వస్తారు. విదేశాల నుంచి దిగి, ఊరికి పోయే దారిలో కారు ఆపి చూసేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ ఒక్కొక్కరికి విడిగా చెప్పాలంటే మన పొలం పని ఆగిపోతుంది. కోర్సు చెయ్యడం తప్పు కాదు. అయితే ఎక్కడ పెడుతున్నాం, ఏ షరతు మీద పెడుతున్నాం అన్నది ముందే చూసుకోవాలి. నేను చూసుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

నాకు తగిలిన దెబ్బ

మొదట్లో వాట్సాప్ గ్రూపు పెట్టి, ఫోన్‌పేలో డబ్బు తీసుకుని, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ వీడియోల లింకులు పంపేవాణ్ని. మనిషి పెరిగే కొద్దీ ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో లెక్క తప్పింది. అప్పుడు ఒక యాప్ ప్లాట్‌ఫారంలో ఏడాది ప్లాన్ తీసుకున్నాను. పేరు చెప్పను, అవసరం లేదు. కూరగాయల సాగు కోర్సు, ధర 999 రూపాయలు, "జీవితకాలం చూసుకోవచ్చు" అని రాశాను. 143 మంది చేరారు. సంతోషమే.

ఏడాది తిరిగేసరికి ప్లాన్ ధర రెండింతలు దాటింది. వద్దనుకుని బయటికి వద్దామని చూస్తే అసలు సంగతి తెలిసింది. చేరినవాళ్ల ఫోన్ నంబర్లలో చివరి 4 అంకెలే నాకు కనిపిస్తున్నాయి. జాబితా మొత్తం దించుకునే వీలు నేను తీసుకున్న ప్లాన్‌లో లేదు. డబ్బులు కూడా వాళ్ల ఖాతాలో పడి నాకు వచ్చేవి కాబట్టి, ఎవరు కట్టారన్న వివరం నా బ్యాంకు లెక్కలోనూ లేదు. నా ఫోన్‌లో విడిగా నంబరున్నది 60 మందివే. మిగతా 83 మందిని వెతుక్కోవాల్సి వచ్చింది.

అది మృగశిర కార్తె. అందరూ పొలం మీద ఉన్న సమయం. షాద్‌నగర్ వైపు నుంచి ఒక అక్క ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. వంకాయలో కాయతొలుచు పురుగు పడింది, అగ్నిఅస్త్రం వీడియో చూద్దామంటే యాప్ తెరుచుకోవడం లేదు. "పైసలు గట్టినం గద తమ్మీ, మల్ల గిట్లెట్ల?" అంది. నా దగ్గర జవాబు లేదు. దొరికినవాళ్లకు వీడియోలు మళ్లీ పంపాను, వద్దన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చాను. కొంతమంది ఈ రోజుకీ దొరకలేదు.

అప్పుడు నాకు అర్థమైంది: ప్లాట్‌ఫారం అంటే కౌలు పొలం. పంట మనది, పొలం వాళ్లది. కౌలు పొలంలో కాగితం లేకుండా బోరు వేయం కదా. మరి మన మీద నమ్మకంతో డబ్బు కట్టినవాళ్ల జాబితాను షరతులు చదవకుండా ఒకరి చేతిలో ఎట్లా పెడతాం?

ఉన్న దారులు ఇవీ

1. యూట్యూబ్. మన రైతులు ఇప్పటికే ఉన్నది ఇక్కడే. వీడియో పెట్టడానికి ఖర్చు లేదు. ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్‌కి వేరే లెక్క ఉంది). సభ్యత్వం పెట్టి నెలనెలా ఫీజు తీసుకోవచ్చు, అందులో 30 శాతం యూట్యూబ్ వాటా. అన్‌లిస్టెడ్ వీడియోని మాత్రం కోర్సుగా అమ్మకండి. లింకు దొరికిన ప్రతివాళ్లూ చూడొచ్చు.

2. యుడెమీ లాంటి కోర్సుల సంత. కొనేవాళ్లను వాళ్లే తెస్తారు. వాళ్లు తెచ్చిన అమ్మకం మీద మనకు 37 శాతం, మన సొంత లింకు ద్వారా వస్తే 97 శాతం. అయితే అక్కడ తగ్గింపు ధరలు మామూలు. 500 రూపాయలకు అమ్ముడైతే, పన్నులు పక్కన పెట్టినా, మన చేతికి 185 రూపాయలే. కొన్నవాళ్ల నంబరు మనకు రాదు. పైగా అక్కడికి ఎక్కువగా వచ్చేది సాఫ్ట్‌వేర్ లాంటి చదువుల కోసం. తెలుగులో వ్యవసాయం కోర్సులు చందా పద్ధతిలో చూపించే యాప్‌లూ ఉన్నాయి. వాటిలో మనం నేర్పేవాళ్లమే తప్ప అంగడి మనది కాదు.

3. మన పేరుతో కోర్సు నడుపుకునే ప్లాట్‌ఫారాలు. గ్రాఫీ, క్లాస్‌ప్లస్, టీచబుల్, థింకిఫిక్ లాంటివి. కొన్ని నెలకో ఏడాదికో అద్దె తీసుకుంటాయి, కొన్ని అమ్మకం మీద కమిషన్, కొన్ని రెండూ. విదేశీ కంపెనీల అద్దె డాలర్లలో ఉంటుంది. వాటిలో యూపీఐ తీసుకుంటారా లేదా అన్నది ముందే చూడండి. మన రైతు క్రెడిట్ కార్డు పెట్టి కొనడు.

4. సొంత వెబ్‌సైట్. మూడల్ 2002 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, యూనివర్సిటీలు వాడతాయి. వర్డ్‌ప్రెస్ మీద కూడా కోర్సు నడపొచ్చు. ఇది సొంత పొలం. కానీ దున్నేవాడు కావాలి. సర్వర్ అద్దె, చెడిపోతే బాగుచేసే మనిషి, వీడియోలకు చోటు, అన్నీ మన మీదే పడతాయి.

అద్దెనా, కమిషనా? ఒక చిన్న లెక్క

కోర్సు ధర 999 అనుకుందాం. ఒక ప్లాట్‌ఫారం నెలకు 3,000 అద్దె అడిగింది. ఏడాదికి 36,000. ఇంకొకటి అద్దె లేదు, అమ్మకం మీద 10 శాతం అంది. అంటే మనిషికి దాదాపు 100 రూపాయలు. (ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, మీకు చెప్పిన ధర వేసుకోండి.)

ఏడాదిలో 100 మంది చేరితే కమిషన్ దారిలో 9,990 పోతుంది, అద్దె దారిలో 36,000 పోతుంది. 360 మంది దాటితేనే అద్దె లాభం. మొదటి ఏడాది మనలో ఎంతమందికి 360 మంది వస్తారు? కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కమిషన్ పద్ధతితోనే వెళ్లండి. "ఏడాది ప్లాన్ మీద సగం ధర" అని ఫోన్ చేసి తొందరపెడతారు. ఒక సీజన్ చూశాక చెబుతానని చెప్పండి.

దీనికి తోడు పేమెంట్ గేట్‌వే ఖర్చు ఉంటుంది. సాధారణంగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 999 మీద దాదాపు 24 రూపాయలు. యాప్ లోపలే కొంటే గూగుల్, ఆపిల్ వాటా ఎవరు భరిస్తారో కూడా అడగండి.

సంతకం పెట్టేముందు అడగాల్సిన 6 ప్రశ్నలు

1. చేరినవాళ్ల పేరు, పూర్తి ఫోన్ నంబరు, కట్టిన తేదీ నేను ఎప్పుడైనా ఎక్సెల్ ఫైలుగా దించుకోవచ్చా? ఏ ప్లాన్‌లో?
2. డబ్బు నేరుగా నా ఖాతాకు వస్తుందా, మీ ఖాతాలో పడి వస్తుందా? ఎన్ని రోజులకు?
3. నేను మానేస్తే, ఇప్పటికే కొన్నవాళ్లకు వీడియోలు ఎన్ని రోజులు తెరుచుకుంటాయి?
4. వచ్చే ఏడాది ధర ఎంత? రాతలో ఇస్తారా?
5. వీడియో ఫోన్‌లో దించుకుని నెట్ లేకుండా చూడొచ్చా?
6. యాప్, బటన్లు తెలుగులో ఉన్నాయా?

మొదటి మూడింటికి సరైన జవాబు రాకపోతే మిగతా మూడూ అడగక్కర్లేదు, బయటికి వచ్చేయండి. ఫోన్‌లో చెప్పిన మాట వద్దు, ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఇంకో పని: చేరే ముందే 1 రూపాయి ధరతో ఒక ఉత్తుత్తి కోర్సు పెట్టి, మీ ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి కొని చూడండి. జాబితా దించి చూడండి. నేను ఈ పని చేసి ఉంటే ఆ 83 మంది నా చేతిలో ఉండేవాళ్లు.

నంబర్లు మన దగ్గరికి వచ్చాక మనకూ బాధ్యత ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ప్రకారం ఒకరి వివరాలు వాళ్ల అనుమతితో, చెప్పిన పనికే వాడాలి. కోర్సు కోసం ఇచ్చిన నంబరుని ఎరువుల కంపెనీకో, ప్లాట్లు అమ్మేవాళ్లకో ఇవ్వడం నమ్మకద్రోహం కూడా.

రైతు ఫోన్‌ని చూసి ఎంచుకోండి

మన కోర్సు చూసేది ల్యాప్‌టాప్‌లో కాదు, గట్టు మీద నిలబడి చిన్న ఫోన్‌లో. 480పీ నాణ్యతలో గంట వీడియోకి 300 నుంచి 500 ఎంబీ దాకా డేటా పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో అది పెద్ద భాగమే. అందుకే వీడియోలు 6–8 నిమిషాల ముక్కలుగా చెయ్యండి. ప్రతి ముక్కకూ ఒకటే పని ఉండాలి. జీవామృతం వీడియో కింద 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5–10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి అని రాసి పెడితే, కొలత కోసం వీడియో మళ్లీ చూడక్కర్లేదు. ఈ రాత పెట్టే వీలు ప్లాట్‌ఫారంలో ఉందో లేదో చూడండి.

ఒక పాత అనుభవం గుర్తు చేస్తా. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో, డిజిటల్ గ్రీన్ సంస్థతో కలిసి, రైతులు చేసిన వీడియోలను చిన్న పికో ప్రొజెక్టర్లతో ఊళ్లలో మహిళా సంఘాలకు చూపించారు. అక్కడ వీడియో ఒక్కటే లేదు. పక్కన ఒక మనిషి ఉండి, మధ్యలో ఆపి, ప్రశ్నలు అడిగించి, జవాబు చెప్పేది. మన కోర్సుకీ అదే సూత్రం. వీడియో ఎక్కడైనా ఉండొచ్చు, అడిగితే చెప్పే మనిషి ఉండాలి. వారానికి ఒకసారి లైవ్ పెట్టే వీలున్న ప్లాట్‌ఫారం, నాలుగు రంగుల డిజైన్ ఉన్నదాని కంటే మేలు.

దేనికి డబ్బు తీసుకోవాలి?

ఇది నన్ను చాలా రోజులు సతాయించిన ప్రశ్న. జీవామృతం, బీజామృతం మనం కనిపెట్టినవి కావు. పాలేకర్ గారు ఊరూరా శిబిరాలు పెట్టి చెప్పినవి. దాని మీద తాళం వేసి 999 అనడం నాకు మనసొప్పలేదు. అందుకే తయారీ పద్ధతులన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచాను. డబ్బు తీసుకునేది సీజన్ మొత్తం వెంట ఉన్నందుకు: వారం వారం ఏం చెయ్యాలి, ఫోటో పంపితే చూసి చెప్పడం, వారానికో లైవ్, సీజన్‌లో ఒకసారి పొలం చూడటం. దీనివల్ల ఇంకో భయం కూడా పోయింది. వీడియో ఎవరో రికార్డు చేసి గ్రూపుల్లో పంచుతారని నిద్ర మానుకోనక్కర్లేదు.

"జీవితకాలం" అని ఇప్పుడు రాయడం లేదు. కౌలు పొలంలో ఉండి జీవితకాలం మాట ఇవ్వకూడదు. "2 సీజన్లు" అని రాస్తున్నా, ఆ మాట నిలబెట్టుకోగలను.

పన్ను మాట కూడా చెప్పాలి. పంట మీద ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కోర్సు ఫీజు వ్యవసాయ ఆదాయం కాదు, విడిగా చూపించాలి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ వస్తుంది, కోర్సు ఫీజు మీద 18 శాతం. మొదలుపెట్టేముందే ఒకసారి ఆడిటర్‌తో కూర్చోండి.

ఇప్పుడు నేను చేస్తున్నది

ఉచిత వీడియోలు యూట్యూబ్‌లో. డబ్బు కట్టినవాళ్ల పాఠాలు కమిషన్ తీసుకునే ఒక ప్లాట్‌ఫారంలో. డబ్బు నేరుగా నా గేట్‌వే ఖాతాకే వస్తుంది. అసలు వీడియోలు రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి ఇంట్లో, ఒకటి బావమరిది దగ్గర. ప్రతి నెల 1వ తేదీన చేరినవాళ్ల జాబితా దించి, ఒక నోటుబుక్కులో కూడా రాసుకుంటా. మా ఆవిడ నవ్వుతుంది, "ఆన్‌లైన్ అంటివి, మళ్ల నోటుబుక్కేంది" అని. విత్తనం దాచుకున్నట్టే ఇది కూడా అని చెప్పా.

మీరు మొదలుపెట్టేముందు పెద్ద కోర్సు చెయ్యకండి. ఒక పంట, ఒక సీజన్, 20 మంది. ఆ 20 మంది నంబర్లు మీ దగ్గర ఉండాలి, వాళ్ల ప్రశ్నలకు మీరు జవాబు చెప్పగలగాలి. అది కుదిరితే ప్లాట్‌ఫారం ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆ 6 ప్రశ్నలు పై వీడియో చివర్లో స్క్రీన్ మీద పెట్టాను, ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడండి.

ఉంటాను. జై కిసాన్.