మైన్‌క్రాఫ్ట్‌లో మగ్గం చప్పుడు: నోట్ బ్లాక్‌తో నా సంక్రాంతి సెలవులు

వేటపాలెంలో మా ఇంటి ముందు గదిలో ఒకచోట నేల టైల్స్ రంగు కొంచెం తేడాగా ఉంటుంది. మా తాతయ్య గుంట మగ్గం అక్కడే ఉండేది. నేను బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు దాన్ని తీసేసి, గుంట పూడ్చి, పైన టైల్స్ వేశారు. మగ్గం ఫోటోలు రెండున్నాయి. చప్పుడు మాత్రం ఎవరూ రికార్డ్ చేయలేదు. అప్పట్లో నా ఫోన్ స్టోరేజ్ ఎప్పుడూ ఫుల్లే. అయినా రోజూ వినపడే చప్పుడుని రికార్డ్ చేయాలని ఎవరికి తడుతుంది?

మగ్గం చూడనివాళ్ల కోసం ఒక్క మాట. నేతగాడు కాలితో పలక తొక్కి, చేత్తో తాడు గుంజితే నాడె పరుగెత్తి అవతలి పెట్టెకి తగులుతుంది. అది 'టక్'. వెంటనే అచ్చుతో పేక పోగుని బిగిస్తాడు. అది 'ధబ్'. తర్వాత రెండో పలక తొక్కి, నాడెని వెనక్కి పంపుతాడు. టక్, ధబ్. చేనేత వీధిలో పెరిగితే ఇదే మీ అలారం, ఇదే మీ జోలపాట.

పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆ గదిని మైన్‌క్రాఫ్ట్‌లో కడదామని కూర్చున్నా. గోడలు, తలుపు, కిటికీ గంటలో అయిపోయాయి. ఆ చప్పుడుకి మాత్రం మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నోట్ బ్లాక్ గురించి నేర్చుకున్నదంతా ఇక్కడ చెప్తా.

ఎనిమిది పలకలు, ఒక రెడ్‌స్టోన్

నోట్ బ్లాక్ మైన్‌క్రాఫ్ట్‌లోకి 2011 జనవరిలో, బీటా 1.2తో వచ్చింది. ఎనిమిది చెక్క పలకల మధ్యలో ఒక రెడ్‌స్టోన్ డస్ట్ పెడితే తయారవుతుంది. ట్యాప్ చేసిన ప్రతిసారీ శ్రుతి అర స్వరం పెరుగుతుంది. ట్యాప్ చేయకముందు కింది ఎఫ్ షార్ప్, 24 ట్యాప్‌ల తర్వాత రెండు స్థాయిల పైన అదే ఎఫ్ షార్ప్. ఇంకో ట్యాప్ కొడితే మళ్లీ మొదటికే. మొత్తం 25 స్వరాలు. వెనక్కి వెళ్లే దారి లేదు. ఒక్క ట్యాప్ ఎక్కువ కొట్టారో, చుట్టూ తిరిగి రావాల్సిందే. నేను ఎన్ని చుట్లు తిరిగానో అడగొద్దు.

నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. ఏ వాయిద్యం మోగాలో నోట్ బ్లాక్ కింద ఉన్న బ్లాక్ నిర్ణయిస్తుంది. చెక్క మీద పెడితే బేస్, ఇసుక మీద స్నేర్ డ్రమ్, రాయి మీద పెద్ద డ్రమ్, గాజు మీద పుల్లలు తగిలినట్టు టక్కుమనే చప్పుడు. మొదట్లో ఇలాంటివి ఐదే ఉండేవి. జావా ఎడిషన్‌లో 2017లో వచ్చిన 1.12తో మరో ఐదు చేరాయి: బంగారం మీద గంట, బంకమట్టి మీద ఫ్లూట్, ఉన్ని మీద గిటార్ వగైరా. 2019లో ఇంకో ఆరు కలిసి పదహారయ్యాయి. గడ్డి మోపు మీద పెడితే బాంజో, గుమ్మడికాయ మీద పెడితే డిడ్జరీడూ! ఎందుకని అడక్కండి, గుమ్మడికాయే.

ఒక హెచ్చరిక. నోట్ బ్లాక్ పైన ఖాళీ ఉండాలి. అందం కోసం పైన ఇంకో బ్లాక్ పెట్టి కప్పేస్తే మోగదు. నా మొదటి అరగంట దీనికే పోయింది. కోడ్‌లో బగ్ వెతికినట్టు వైరింగంతా వెతికా. తీరా చూస్తే నేనే పైన కార్పెట్ పరిచా.

పాట పొడవు ఎన్ని బ్లాకులు?

ఫోన్‌లో పియానో యాప్ ఉండగా ఈ తంటా ఎందుకని మా చెల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పియానో యాప్‌లో మీరు పాట వాయిస్తారు. లెవెల్ కట్టే గేమ్‌లో పాట ఒక కట్టడం. దానికి పొడవు, వెడల్పు ఉంటాయి, లోపల నడవొచ్చు. మైన్‌కార్ట్ గరిష్ఠంగా సెకనుకు 8 బ్లాకులు పోతుంది. పట్టాల పక్కన నోట్ బ్లాకులు పెడుతూ పోతే 8 బ్లాకుల దూరమంటే ఒక సెకను పాట. చరణం బాగోలేదనిపిస్తే లేచి అక్కడిదాకా నడిచి వెళ్లి మార్చాలి.

మారియో మేకర్ వాళ్లది ఇంకో దారి. సూపర్ మారియో బ్రదర్స్ 3లో మారియోని ఎగరేసే నోట్ బ్లాక్‌ని, 2015లో వచ్చిన సూపర్ మారియో మేకర్‌లో నిజంగానే వాయిద్యం చేశారు. బ్లాక్ మీద ఏ శత్రువు, ఏ వస్తువు పడితే దాన్ని బట్టి వాయిద్యం మారుతుంది, బ్లాక్ ఎంత ఎత్తులో ఉంటే దాన్ని బట్టి స్వరం మారుతుంది. స్క్రీన్ దానంతటది కదిలేలా పెడితే ఒక్కో వస్తువూ వరసగా పడుతూ పాట మోగుతుంది. అంటే లెవెలే స్వరలిపి.

లిటిల్ బిగ్ ప్లానెట్ 2 కూడా నోట్ బ్లాక్ వచ్చిన 2011 జనవరిలోనే వచ్చింది. మీడియా మాలిక్యూల్ వాళ్లు అందులో ఏకంగా మ్యూజిక్ సీక్వెన్సర్ ఇచ్చారు. గళ్ల మీద స్వరాలు పెట్టి, దాన్నొక వస్తువులా లెవెల్‌లో పడేసి, ఆటగాడు దగ్గరికొస్తే మోగేలా సెన్సర్‌కి కలపొచ్చు. సౌకర్యం విషయంలో మైన్‌క్రాఫ్ట్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ నా ఫోన్‌లో ఉన్నది మైన్‌క్రాఫ్టే.

సరళీ స్వరాలు పెట్టి చూస్తే

మగ్గం జోలికి పోయేముందు చేయి కుదురుతుందని సరిగమలు పెట్టి చూశా. కర్ణాటక సంగీతం ఎవరు మొదలుపెట్టినా మాయామాళవగౌళలోనే కదా. షడ్జమాన్ని సున్నా ట్యాప్‌ల దగ్గర పెడితే వరస ఇది: స 0, రి 1, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎనిమిది బ్లాకుల్లో ఆరోహణ వచ్చేస్తుంది.

తాళానికి రెడ్‌స్టోన్ రిపీటర్ వాడాలి. దానికి నాలుగు సెట్టింగులు: 0.1, 0.2, 0.3, 0.4 సెకన్ల ఆలస్యం. ఇక్కడ నాకొక మంచి సంగతి దొరికింది. మొదటి కాలానికి 0.4, రెండో కాలానికి 0.2, మూడో కాలానికి 0.1 పెట్టండి. మూడు కాలాలూ చక్కగా సరిపోతాయి! స్వీడన్‌లో గేమ్ రాసినవాళ్లకి మన కాలాల సంగతి తెలిసి ఉండదు. రెట్టింపు లెక్క ఎక్కడైనా ఒక్కటే, అంతే. అయితే అదే 0.4 అక్షరంలో మూడేసి స్వరాల తిశ్రం ఇరికించలేరు. 0.1 కన్నా చిన్న ముక్క రిపీటర్ దగ్గర లేదు. చతురశ్రం, తిశ్రం రెండూ కావాలంటే అక్షరాన్ని 1.2 సెకన్లకి సాగదీయాలి. అప్పుడది పాటలా కాదు, నిద్రపోతూ పాడినట్టుంటుంది.

అసలు అడ్డంకి గమకం. నోట్ బ్లాక్ ఒక స్వరం మీద నిలబడి మోగుతుందే తప్ప పక్క స్వరానికి జారదు, ఊగదు. గమకం లేని మాయామాళవగౌళ డోర్‌బెల్‌లా వినిపిస్తుంది. కమాండ్ బ్లాక్‌లో ప్లేసౌండ్ కమాండ్‌కి పిచ్ సంఖ్య ఇవ్వొచ్చు కాబట్టి అర స్వరం మధ్యలోని శ్రుతులు తెప్పించొచ్చు. అర స్వరం పెంచాలంటే సుమారు 1.0595తో గుణించాలి, అంతకన్నా తక్కువతో గుణిస్తే మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. కానీ అవి కూడా విడివిడి చుక్కలే, గీత కాదు. కంప్యూటర్ ఉన్నవాళ్లు ఓపెన్ నోట్ బ్లాక్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందు పాట కూర్చుకుని తర్వాత గేమ్‌లో కట్టుకోవచ్చు. పెద్ద పాటలకి అదే మంచిది. ఫోన్ మీద వేలితో 300 బ్లాకులు ట్యూన్ చేస్తే వేలికి కాయ కాస్తుంది.

మీ ఫోన్ తాళం తప్పుతోందా?

ఇది రివ్యూ సైట్ కాబట్టి ఈ ముక్క చెప్పకుండా వదల్లేను. మైన్‌క్రాఫ్ట్ లోపల సెకనుకు 20 టిక్కులు కొట్టుకుంటాయి. రెడ్‌స్టోన్ ఆ టిక్కుల మీదే నడుస్తుంది. ప్రాసెసర్ అందుకోలేకపోతే టిక్కులు నెమ్మదిస్తాయి, పాట కూడా నెమ్మదిస్తుంది. అంటే నోట్ బ్లాక్ పాట చెవితో వినే బెంచ్‌మార్క్.

పరీక్ష సులభం. 0.4 సెట్టింగ్‌లో 150 రిపీటర్లు వరసగా పెట్టి, మొదట ఒక నోట్ బ్లాక్, చివర ఒక నోట్ బ్లాక్ పెట్టండి. రెండు చప్పుళ్ల మధ్య సరిగ్గా 60 సెకన్లు రావాలి. వేరే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. తర్వాత ఊరి నిండా కోళ్లనీ ఆవుల్నీ నింపి, అరగంట ఆడి ఫోన్ వేడెక్కాక మళ్లీ కొలవండి. నా మూడేళ్ల ఫోన్ చల్లగా ఉన్నప్పుడు ఠంచనుగా మోగింది. వేడెక్కాక చార్జర్ కూడా పెట్టేసరికి ఆయాసపడుతూ పాడింది. స్కోర్ యాప్‌లో నంబర్ చూసి సంబరపడేవాళ్లు ఇది కూడా ఒకసారి చేసి చూడండి.

రిపీటర్లని మాత్రం తిన్నగా పెట్టొద్దు, పాములా మడిచి పెట్టండి. ఫోన్ ఎడిషన్‌లో సిమ్యులేషన్ డిస్టెన్స్ అనే సెట్టింగ్ 4 చంకుల మీద ఉంటే, మీకు 64 బ్లాకుల అవతల ఉన్న సర్క్యూట్ ఆగిపోతుంది. చప్పుడైతే సుమారు 48 బ్లాకులు దాటితే వినపడనే వినపడదు. "నా పాట సగంలో ఆగిపోతోంది" అనేవాళ్లలో చాలామంది బాధ ఇదే.

టక్, ధబ్

ఇక మగ్గం. 'టక్'కి గాజు మీద నోట్ బ్లాక్, 'ధబ్'కి రాయి మీద నోట్ బ్లాక్. రెంటి మధ్య 0.2 సెకన్లు. 2, 4, 2 సెట్టింగుల్లో మూడు రిపీటర్లని గుండ్రంగా కలిపితే 0.8 సెకన్ల లూప్. గాజు బ్లాక్‌కి 18 ట్యాప్‌ల దగ్గర ఆ నాడె చప్పుడు దొరికింది. నిజం చెప్పాలంటే ఒళ్లు జలదరించింది. అప్పుడే తాతయ్యని పిలిచి ఫోన్ చెవి దగ్గర పెట్టా.

కాసేపు విన్నాడు. "బాగానే ఉందిరా అబ్బాయ్. ఇంతకీ నేసేది ఎవరు?" అన్నాడు.

"ఎవరూ లేరు తాతయ్యా, అదే ఆడుతుంది."

"అందుకే అట్టా ఉంది. మగ్గం గడియారం లాగా కొట్టుకోదురా. పోగు తెగితే ఆగాల. కండె అయిపోతే మార్చుకోవాల. ఎండ ఎక్కితే చెయ్యి నెమ్మదిస్తది. ఇది మర మగ్గం."

చేనేత మనిషి దగ్గర మర మగ్గం అనడం కన్నా పెద్ద తిట్టు లేదు. మొదట నా ఇంజినీరు బుర్ర రాండమైజర్ పెడదామంది. డ్రాపర్, కంపారేటర్‌తో అప్పుడప్పుడూ లూప్ ఆగేలా చేయొచ్చు. సగం కట్టాక నాకే సిగ్గేసింది. యాదృచ్ఛికంగా ఆగితే అది కూడా మరే, కాకపోతే పాడైన మర.

మర్నాడు లూప్ మొత్తం పీకేశా. గది మధ్యలో గుంట తవ్వి, దాంట్లో మధ్యన ఒక బ్లాక్ ఖాళీ వదిలి రెండు ప్రెషర్ ప్లేట్లు పెట్టా. ఏ ప్లేట్ మీద కాలు పడినా ముందు గాజు బ్లాక్ మోగుతుంది, 0.2 సెకన్ల తర్వాత రాయి బ్లాక్ మోగుతుంది. ఇక వైరింగ్ అంతే. క్లాక్ లేదు. ఆటగాడు ఎడమ ప్లేట్ నుంచి కుడి ప్లేట్‌కి, కుడి నుంచి ఎడమకి నడవాలి. ప్రెషర్ ప్లేట్‌కి ఒక బద్ధకం ఉంది. కాలు తీసిన వెంటనే పైకి లేవదు, కాస్త ఆగుతుంది. ఒకే ప్లేట్ మీద టపటపా తొక్కితే మోగదు. ఇది లోపమే. కానీ పలకలు మార్చి మార్చి తొక్కాల్సిన మగ్గానికి అదే కలిసొచ్చింది.

తాతయ్యకి టచ్ జాయ్‌స్టిక్ అలవాటు కావడానికి ఓ పావుగంట పట్టింది. రెండుసార్లు గోడకి గుద్దుకున్నాడు, ఒకసారి తలుపు తీసుకుని వీధిలోకి పోయాడు. తర్వాత బొటనవేలు కుదిరింది. టక్ ధబ్. టక్ ధబ్. సమంగా లేదు, కానీ దానికో నడక ఉంది. వంటింట్లోంచి నాయనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపటికి చప్పుడు ఆగింది. ల్యాగ్ అనుకుని వంగి స్క్రీన్ చూశా. బొమ్మ గుంటలో నిలబడే ఉంది.

"ఏమైంది తాతయ్యా?"

"పోగు తెగింది," అని నవ్వి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

చివరగా బ్యాకప్ మాట. సూపర్ మారియో మేకర్ ఆడే వీ యూ కన్సోల్‌కి నింటెండో ఆన్‌లైన్ సేవలు 2024 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. లిటిల్ బిగ్ ప్లానెట్ 3 సర్వర్లు కూడా ఆ ఏడాదే పోయాయి. జనం ఏళ్ల తరబడి అక్కడ కట్టుకున్న పాటల లెవెల్స్‌ని ఇప్పుడు కన్సోల్ ఆన్ చేసి మామూలుగా తెరిచి వినలేం. మైన్‌క్రాఫ్ట్‌లో మీ ప్రపంచం మీ ఫోన్‌లోనే ఫైల్‌గా ఉంటుంది. ఫోన్ పోతే అదీ పోతుంది. వరల్డ్ సెట్టింగ్స్‌లో కింద ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. నొక్కితే ఎంసీవరల్డ్ ఫైల్ వస్తుంది. దాన్ని డ్రైవ్‌లో పెట్టుకోండి. నేను ఒకటి డ్రైవ్‌లో, ఒకటి చెల్లి ఫోన్‌లో పెట్టా. తాతయ్య ఫోన్ కీప్యాడ్‌ది, అందులో గేమ్ ఎక్కదు. తను తొక్కుతున్నప్పుడు ఈసారి మర్చిపోకుండా ఆడియో రికార్డ్ చేశా, దాన్ని మెమరీ కార్డ్‌లో ఎక్కించి ఇచ్చా. రింగ్‌టోన్‌గా పెట్టమన్నాడు, పెట్టా.