ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను

చదువుకునే పిల్లల కోసం ఫోను ఇప్పించమని దాతలను అడిగేవారు చాలామంది ఉన్నారు. ఇచ్చేముందు ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫోను రోజంతా ఎక్కడ తిరుగుతుందో ఒకసారి చూడాలి.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి. టీవీ ఉన్న ఇంట్లో పిల్లలంతా కలిసి కూర్చుని చూడగలిగారు. హోంవర్కు, సందేహాలు మాత్రం వాట్సాప్‌కు చేరాయి. వాట్సాప్ ఉన్న ఫోను అబ్బా జేబులో ఉండి ఆయనతోపాటే పనికి వెళ్లేది.

బడులు తెరిచినా చాలా ఇళ్లలో ఈ తీరు మారలేదు. ఆటో నడిపే మనిషికి కిరాయి ఫోన్‌పేలోనే వస్తుంది, కాబట్టి పగలు ఫోను ఆయన దగ్గరే ఉండాలి. దాన్ని తప్పుపట్టలేం. సాయంత్రం ఇంటికి రాగానే వంతులు మొదలవుతాయి. చిన్నవాడికి అన్నం తినిపించాలంటే కార్టూన్, అన్నకు ఆట, నానీకి ఉర్దూ బయాన్. మామూ దుబాయ్‌లో ఉంటే ఆయనతో మాట్లాడటం మరొక పని. అక్కడ వాట్సాప్ సందేశం చేరుతుంది గానీ కాల్ కలవదు. అందుకే ఎందరో బోటిమ్ వాడతారు. ఇవన్నీ అయ్యాక ఇంటర్ చదివే అమ్మాయి వంతు వస్తుంది. అప్పటికి చార్జింగూ ఉండదు, రోజువారీ డేటా కూడా అయిపోయి ఉంటుంది.

అసలు నష్టం పాఠాల దగ్గర ఆగదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదుకు మొబైల్‌కు వచ్చే ఓటీపీ కావాలి. అది కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. అమ్మాయి నెట్ సెంటర్లో కూర్చుని ఉంటుంది, ఓటీపీ ఎక్కడో సవారీలో ఉన్న అబ్బా ఫోనుకు వెళ్తుంది. ఆధార్‌కు జతచేసిన పాత నంబరు రీచార్జి లేక పోయి ఉంటే కథ మళ్లీ ఆధార్‌లో నంబరు మార్పించడం నుంచి మొదలు. గడువు తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

అందుకే ఖరీదైన ట్యాబ్ కన్నా, అమ్మీ పేరిట ఒక సిమ్, బటన్ల ఫోను, ఏడాది రీచార్జి ఎక్కువ మేలు చేసే ఇళ్లున్నాయి. ఓటీపీకి అది చాలు. పిల్లల ఆధార్‌కు ఆ నంబరే జతచేయిస్తే అది ఇల్లు దాటి పోదు.

పాఠాల కోసం స్మార్ట్‌ఫోనే ఇస్తున్నట్లయితే, అది అమ్మాయి చదువుకని ఇంట్లో అందరి ముందూ చెప్పి ఇవ్వండి. లేకపోతే వారం తిరక్కుండానే అన్న చేతిలో ఉంటుంది! యూట్యూబ్‌లో ఒక వీడియో అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే ఆటోప్లేను ఆపి మరీ ఇవ్వాలి. చిన్నవాడి సంగతీ ఉంది: ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వంటింట్లో ఒంటరిగా సతమతమయ్యే తల్లికి ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ ముద్దలు తినిపించే అరగంట నానీ తీసుకుంటే అమ్మాయికి ఫోను అరగంట ముందే అందుతుంది.