ఏమార్చడం ఎన్నిసార్లు?

కొండకల్, మొయినాబాద్, చేవెళ్ల పల్లెల నుంచి వచ్చిన మిత్రులకు కబడ్డీ నేర్పనక్కరలేదు. అయినా ఒక ప్రశ్న: కూతకు వెళ్లినవాడు ఎన్నిసార్లు ఏమార్చాలి?

ఎదుటి కోర్టులో ఆరుగురైనా ఉంటేనే బోనస్. అప్పుడు బోనస్ గీత దాటబోతున్నట్టు కాలు చాపితే పట్టేవాడు కదలక తప్పదు. ఊరుకుంటే పాయింటు పోతుంది. ముందుకొచ్చినవాణ్ణి చేత్తో తాకి రావచ్చు. అదే ఐదుగురే మిగిలాక కాలు చాపితే ఎవడు జడుస్తాడు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని పరుగెత్తేవాడికి ఇచ్చినట్టు నటించి దూరం విసురుతారు. అంతకుముందు ఎన్నిసార్లు పరుగెత్తించారన్నది దీని ఫలితాన్ని పెద్దగా మార్చదని అక్కడ లెక్కలు కట్టినవారు తేల్చారు.

కనుక సోదర విద్యార్థులారా, సంఖ్య చూడకండి, సందర్భం చూడండి. ఎదుటివాడికి నిజంగా పోయేది ఉన్నప్పుడే ఏమార్చండి. వాడు కదలకపోతే మొగమాటం దేనికి? నిజంగానే బోనస్ తెచ్చుకోండి!