పొయ్యి వెలిగించని కాఫీ!

మే నెల మధ్యాహ్నం. పెద్దతిప్పసముద్రంలో వీధులన్నీ ఖాళీ. వీలున్నవాళ్లు హార్సిలీ హిల్స్ చల్లదనానికి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లకు కాఫీ తాగాలనీ ఉంటుంది, పొయ్యి దగ్గర నిలబడాలంటే భయమూ ఉంటుంది. అలాంటి రోజులకే ఈ 'కోల్డ్ బ్రూ'!

పేరు కొత్తదేగానీ పద్ధతి మరీ కొత్తది కాదు. రాత్రే ఫిల్టరు వేసి, తెల్లారి డికాక్షన్ తీసుకునే ఇళ్లు మనకు ఎన్నో. తేడా ఒక్కటే... ఇందులో వేణ్నీళ్లు ఉండవు. వేడి నీళ్లు కాఫీలోని సారంతోపాటు చేదునూ గబగబా లాగేస్తాయి. చన్నీళ్లకు గంటలు పడుతుంది. అందుకే చేదు, పులుపు తగ్గి రుచి మెత్తగా ఉంటుంది.

అసలు కిటుకంతా పొడిలోనే. మామూలు ఫిల్టరు పొడి మెత్తగా ఉండి అడుగున బురదలా చేరుతుంది. పైగా కాఫీ-చికోరీ మిశ్రమాల్లో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు. ప్యాకెట్ మీద చూసుకోండి. చికోరీ కలవని అరబికా గింజలు తెచ్చుకుని, మిక్సీలో ఆపి ఆపి ఇడ్లీరవ్వలా బరకగా పట్టుకోవాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మన గిరిజన రైతుల పంటే!

వంద గ్రాముల పొడిని శుభ్రమైన గాజుసీసాలో వేసి, 800 మి.లీ. తాగునీళ్లు పోయండి. పొడి అంతా తడిసేలా కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రి పెడితే 14 గంటల తర్వాత, మర్నాడు మధ్యాహ్నానికి సిద్ధం. ముందు టీ జల్లెడతో, తర్వాత ఉతికిన నూలుగుడ్డతో వడకట్టండి. గుడ్డను గట్టిగా పిండితే చేదు దిగుతుంది, జాగ్రత్త! వచ్చిన చిక్కటి డికాక్షన్‌కు అంతే కొలత చల్లటి పాలో నీళ్లో కలుపుకుంటే సరి.

ఈ ఎండల్లో సీసాను రాత్రంతా గట్టుమీద వదిలేయడం మంచిది కాదు. మరిగించని పానీయం కాబట్టి సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉంది. నాలుగైదు రోజుల్లో తాగేయాలి. కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిపోతే పారబోయడమే క్షేమం.

మరోమాట... చేదు లేదు కదా అని గ్లాసులకు గ్లాసులు తాగేయకండి. కెఫీన్ ఎక్కడికీ పోదు. గర్భిణులు రోజుకు 200 మి.గ్రా. మించకూడదు. పిల్లలకు మజ్జిగే మేలు!